ఇంకొక్క వల

చేతులు చూసుకో. వేళ్లు నానిపోయి తెల్లబడ్డాయి. ఎడమ అరచేతిలో ముల్లు దిగిన చోట ఉప్పునీరు తగిలినప్పుడల్లా చురుక్కుమంటోంది. అయినా ఆగకు. డెక్కు మీద మోకాలెత్తు చేప పోసి ఉంది. చందువాలు ఒక పక్కకి, సావిడాయిలు ఒక పక్కకి, కోనెం దొరికితే అది వేరే. రంగు మారకముందే అంతా ఐసు గదిలో పడాలి. అర్ధరాత్రి దాటింది. నెత్తి మీద బల్బు ఊగుతోంది, దాంతోపాటు ఏడుగురి నీడలూ ఊగుతున్నాయి.

నువ్వు అరేబియా సముద్రంలో ఉన్నావు. గుజరాత్‌లో వెరావల్ రేవు నుంచి బయల్దేరి, ద్వారక దాటి, ఓఖా దాటి, కచ్ వైపు వచ్చారు. మే నెల ఆఖరు. డీజిలు, చెమట, చేప కలిసిన వాసన నీ చొక్కాకే కాదు, నువ్వు తినే అన్నానికీ పట్టింది. కానీ ఈ రాత్రి ఎవరూ విసుక్కోవడం లేదు. జూన్ 1 నుంచి పడమటి తీరమంతా వేట బందు. చేప గుడ్లు పెట్టే కాలం, పైగా రుతుపవనాల గాలికి ఈ సముద్రం బోట్లను నిలవనివ్వని కాలం. కనీసం రెండు నెలలు మరబోటు వల వెయ్యకూడదు. ఏడాది మొత్తంలో నీకు ఇల్లంటే ఆ బందు రోజులే.

"అన్నియ్యా, ఇంటికెల్లగానే ముందేటి తింతావు?"

పక్కన కూచుని చేప ఏరుతున్న కుర్రాడు అడుగుతాడు. వాడికిది మొదటి సీజను.

"సోడంబలి." ఆలోచించకుండానే వచ్చేస్తుంది నీ నోట. చల్లారిన అంబలి, పచ్చి ఉల్లిపాయ, ఎండు నెత్తళ్ల ఇగురు.

"నానైతే ముంజలు. బొటనేలు పెట్టి పొడిచి, నీల్లు జుర్రుకుని..." వాడు మాట పూర్తి చెయ్యకుండానే గుటక వేస్తాడు. కేబిన్లోంచి ఎవరో నవ్వుతారు.

చేతులు చొక్కాకి తుడుచుకో. కేబిన్ గోడకి మేకుకి కట్టిన ప్లాస్టిక్ సంచి అందుకో. అందులో ఫోనుంది. ఒడ్డు కనుమరుగైన కాసేపటికే సిగ్నల్ పోయింది. అయినా నీకు కావలసినవి రెండూ దాన్లో ఉన్నాయి. ఒకటి టికెట్టు ఫొటో: అహ్మదాబాద్ నుంచి శ్రీకాకుళం రోడ్, స్లీపరు, కన్ఫర్మ్. రెండోది నీ కూతురి గొంతు. రేవులో ఉండగా వచ్చిన వాయిస్ మెసేజి. చెవికి ఆనించుకో. ఇంజిను హోరులోనూ వినపడుతుంది.

"నానా, బేగి రా. నాకు పన్నూడిపోనాది. కొత్తది వచ్చీలోపు నువ్వు సూడాల."

ఆగస్టులో నువ్వు బయల్దేరేటప్పుడు ఆ పన్ను కదలను కూడా లేదు. ఇంకోసారి విను. ఆపైన వద్దు, బ్యాటరీ మిగలాలి.

ఇంత దూరం ఎందుకొచ్చావు? శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. మీ గడపలో నిలబడితే అల కనపడుతుంది. కానీ మీ ఊరి ఒడ్డున మరబోటు కట్టే రేవు లేదు. ఉన్నది ఇసుక. తెప్పని ఇసుక మీద నెట్టి, అల విరిగే చోటు దాటించి, దగ్గర్లోనే వేటాడి, పొద్దెక్కేసరికి తిరిగి రావాలి. పడిన చేప నాలుగు వాటాలు వేస్తే ఒక్కో ఇంటికి పూట గడుస్తుంది, అప్పు తీరదు. అందుకే ఎచ్చెర్ల మండలం నుంచి, ఆ తీరమంతటి నుంచి, ఏటా వేట మొదలయ్యే వేళకి వేల మంది రైలెక్కి ఇక్కడికి వస్తారు. బోటు నడిపించే తండేలు ఊళ్లోనే జట్టు కడతాడు. బోటు యజమాని సేటు దగ్గర అడ్వాన్సు ఇప్పిస్తాడు. ఆ డబ్బు మీరు రైలెక్కకముందే అయిపోతుంది. పాత అప్పుకి కొంత, చెల్లెలి పురుటికి కొంత, ఇంటి గోడకి కొంత. తర్వాత పది నెలలూ దాన్ని సముద్రం మీద తీరుస్తావు.

తండేలు పిలుస్తున్నాడు. లే.

ఆయన నీకు వరసకి మావ. కేబిన్లో జీపీఎస్ తెర వెలుగు ఆయన మొహం మీద పచ్చగా పడుతోంది. తెర మీద ఒక చోట వేలు పెడతాడు.

"ఇక్కడ సేపున్నాది. ఐసు గది సగం కాళీ. ఇంకొక్క వల ఏసి తిరుగుదుమా, ఇప్పుడే తిరుగుదుమా? ఏటంతారు?"

తండేలు జట్టుని అడగడం అరుదు. ఇప్పుడెందుకు అడుగుతున్నాడో తెర చూస్తే తెలుస్తుంది. ఆయన వేలికి ఎడమ పక్కన ఏటవాలుగా ఒక గీత ఉంది. భారత్‌కీ పాకిస్తాన్‌కీ మధ్య సముద్ర సరిహద్దు అది. తలెత్తి బయటికి చూడు. చీకటి, నీళ్లు. కంచె లేదు, దీపం లేదు, ఆ పక్క నీటికీ ఈ పక్క నీటికీ తేడా లేదు. గీత ఉన్నది ఈ తెరలోనే.

అందరికీ ఒకటే సంగతి గుర్తొస్తుంది. ఎవరూ పైకి అనరు. 2018 నవంబరులో, ఇదే వెరావల్ నుంచి వేటకొచ్చిన మన జాలర్లని పాకిస్తాన్ గస్తీ వాళ్లు పట్టుకుపోయారు. కరాచీలో జైలు. ఇక్కడ ఇంటికాడ ఆడవాళ్లు బిడ్డల్ని చంకనేసుకుని నాయకుల చుట్టూ తిరిగారు. వేట బందు వచ్చింది, పోయింది. ఆ వేసవిలో వాళ్లు ఇల్లు చూడలేదు. 2020 జనవరి 6న 20 మంది వాఘా దగ్గర ఇటువైపు అడుగుపెట్టారు. ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న అవతలి దేశం ఖైదీల, జాలర్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ జాబితాలో పేరు ఉండడమంటే ఏమిటో ఈ కేబిన్లో ఉన్నవాళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు.

నీ వంతు వచ్చింది. ఏమంటావు?

మనసులో లెక్క వేస్తావు. సగం నిండిన ఐసు గదికి వాటా ఎంత? అందులో అడ్వాన్సు పోను మిగిలేదెంత? వానలు పడేలోపు ఇంటి పైకప్పు వెయ్యాలి. బడి తెరిచేలోపు పిల్లకి బట్టలు, పుస్తకాలు. కాళ్లకి పట్టీలు తెస్తానని మాటిచ్చావు. పది నెలల తర్వాత గుమ్మంలోకి వెళ్లేవాడివి, చేతిలో ఏమీ లేకుండా ఎలా వెళ్తావు?

"ఒక్క వలే కదా మావా," అంటావు.

మిగతావాళ్లూ అదే అంటారు.

వల నీళ్లలోకి జారింది. ఇంజిను నిదానంగా లాగుతోంది. ఇక గంటల తరబడి చెయ్యాల్సిందేమీ లేదు. తాళ్ల చుట్ట మీద తల పెట్టి పడుకో. నిద్ర రాదు. ఇంటికి వెళ్లేవాడికి ఆఖరి రాత్రుల్లో నిద్ర పట్టదు. తూర్పు తీరంలో బందు ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో తీరిపోతుంది. అంటే నువ్వు ఊరు చేరిన కొద్ది రోజులకే అక్కడ వేట మొదలవుతుంది. ముందు గంగమ్మ తల్లికి మొక్కు. తర్వాత చీకటుండగానే బావ తలుపు కొడతాడు. నీళ్లు అవే ఉప్పునీళ్లు, పని అదే పని. కానీ పొద్దెక్కాక తిరిగొస్తే నీ గిన్నెలో నీ ఇంటి పులుసు ఉంటుంది. మధ్యాహ్నం సరుగుడు తోటలో నీడన పడుకుంటే పిల్ల వచ్చి వీపెక్కుతుంది. రాత్రి ఒంటి కింద నేల కదలకుండా ఉంటుంది. అసలు అన్నింటికన్నా నీకు కావలసింది అదే. కదలని నేల.

"లేవండ్రా!"

వించ్ మూలుగుతోంది. వల బరువుగా వస్తోంది. తాడు పట్టిన చేతులకి తెలిసిపోతుంది, బాగా పడింది. కుర్రాడు కేక వేస్తాడు. బోటు వెనక నీళ్లు తెల్లగా చెదురుతున్నాయి, వల పైకి తేలింది. ఇంకొంచెం. అప్పుడే పక్కనుంచి ఒక పెద్ద అల బోటుని తోస్తుంది. తాడు సడలుతుంది. సడలిన తాడు నీటి కిందికి పోతుంది. కింద పంకా తిరుగుతోంది.

ధడ్.

బోటు మొత్తం అదురుతుంది. ఇంజిను ఆగిపోతుంది.

ఇన్నాళ్లుగా చెవుల్లో ఉన్న హోరు లేదు. చెక్కకి నీళ్లు కొట్టుకోవడం ఇప్పుడు వినపడుతోంది.

తెర చూడు. ఆ చుక్క మీ బోటు. ఇంజిను లేదు. అయినా చుక్క కదులుతోంది. ఎడమకి.

ఎందుకు? ఆటు మొదలైంది. కచ్ గల్ఫ్‌లో ఆటుపోట్లు చాలా ఎక్కువ. పోటుకి లోపలికి చేరిన నీరంతా ఇప్పుడు బయటికి, పడమరకి పరుగెడుతోంది. మీ వల నిండా నీళ్లు, చేప. నీరెటు పోతే వల అటు. వల ఎటు పోతే మీరు అటు.

"లంగరెయ్యండి!"

వేస్తారు. తాడు బిగుస్తుంది. బోటు ఆగినట్టే ఆగుతుంది. మళ్లీ జారుతుంది. కింద మెత్తటి బురద. లంగరు పట్టడం లేదు.

తండేలు వైర్‌లెస్ అందుకుంటాడు. ఛానెల్ 16. ఆపదలో ఉన్నవాళ్లు పిలిచే ఛానెల్. హిందీలో పిలుస్తాడు. గరగర. మళ్లీ పిలుస్తాడు. గరగర.

ఈసారి తెలుగులో.

"ఒరే, ఎవులైనా ఉన్నారా? పంకాకి తాడు సుట్టేసినాది. నీరు పడమరకి లాగెత్తంది."

గరగర. తర్వాత ఒక గొంతు.

"ఎవుల్రా అది? ఎక్కడున్నారు? నంబర్లు సెప్పు."

మీ ఊరివాడు కాదు, పక్క ఊరివాడు. ఆ యాస చాలు. నీ కాళ్లకి బలం వస్తుంది. తండేలు తెర మీద నంబర్లు చదువుతాడు. అవతల లెక్క చూసుకుంటున్నారు.

"వత్తన్నాం. గంట పడతాది. నిలబడండి."

గంట.

గంటలో ఆ చుక్క ఎక్కడుంటుంది?

"వల కోసెయ్యాల," అంటాడు తండేలు.

ఎవరూ కదలరు. అది సేటు వల. ఖరీదైన వల. కోస్తే సీజను లెక్కలో పడుతుంది. ఏడుగురి మీదా పడుతుంది. అందులో ఉన్న చేపా పోతుంది. ఇంత దూరం వచ్చింది ఆ చేప కోసమే. ఇంటి పైకప్పు ఆ చేపలోనే ఉంది.

కత్తి నీ మొలకే ఉంది.

తెర. చుక్క. గీత.

కొయ్యి.

తాడు లావుగా ఉంది. తడికి కత్తి జారుతోంది. మళ్లీ పెట్టు. పోగు తెగింది. ఇంకో పోగు. ఇంకోటి. ఠప్. వల చీకట్లోకి వెళ్లిపోతుంది. బోటు నెమ్మదిస్తుంది.

నెమ్మదించింది. ఆగలేదు.

పంకాకి తాడు ఇంకా ఉంది. ఒకరు దిగాలి.

కుర్రాడు చొక్కా విప్పుతున్నాడు. చెయ్యి పట్టుకో. ఆపు. వాణ్ని వాళ్లమ్మ నీకు చూపించి అప్పజెప్పింది. నువ్వు దిగు. నడుముకి తాడు కట్టుకో. రెండో కొస మావ చేతికివ్వు.

"రెండుసార్లు లాగితే పైకి తీసెయ్యి మావా."

దూకు.

చీకటి. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. బోటు అడుగు నీ తల మీద లేస్తోంది, పడుతోంది. తగిలితే తల పగులుతుంది. ఒక చేత్తో చుక్కాని పట్టుకో. రెండో చేత్తో తడుము. పంకా. తాడు. బిగిసిపోయింది. వేలు దూరే సందు లేదు. కొయ్యి. ఊపిరి చాలడం లేదు. పైకి. గాలి. కిందికి. కొయ్యి. చెక్కకి పట్టిన గుల్లలు భుజం గీరేశాయి. మంట. కొయ్యి. పైకి.

"ఎంతుంది మావా?"

జవాబు లేదు. కిందికి.

ఒక చుట్టు వదిలింది. ఇంకోటి. తర్వాతిది కత్తికి తెగదు. తిరిగిన వేడికి నైలాను కరిగి ముద్ద కట్టింది. పైకి.

"ఉలి!"

ఉలి. సుత్తి. కిందికి. కొట్టు. నీళ్లలో దెబ్బకి జోరు రాదు. కొట్టు. ఊపిరి. ఇంకొక్కటి. కొట్టు.

వదిలింది.

రెండుసార్లు లాగు.

నాలుగు చేతులు నిన్ను పైకి గుంజుతాయి. డెక్కు మీద బోర్లా పడతావు. తండేలు ఇంజిను తిప్పుతాడు. అందుకోలేదు. మళ్లీ. అందుకోలేదు. మళ్లీ.

అందుకుంది.

బోటు తూర్పుకి తిరుగుతుంది. ఎవరూ మాట్లాడరు. నువ్వు లేచి, కేబిన్ గుమ్మం పట్టుకుని తెర చూస్తావు. తండేలు చుక్కకీ గీతకీ మధ్య తన చూపుడు వేలు అడ్డంగా పెడతాడు. ఆ సందులో వేలు పట్టలేదు.

తెల్లవారుతుండగా పక్క ఊరి బోటు ఎదురొస్తుంది. లాగాల్సిన అవసరం లేదు, అయినా పక్కనే నడుస్తారు. వాళ్ల వంటవాడు కేను తాడుకి కట్టి టీ పంపిస్తాడు. వేడి గొంతులో దిగుతుంటే నీ చేతులు వణకడం మొదలుపెడతాయి. ఇప్పుడు వణికినా ఫరవాలేదు.

వెరావల్ రేవు పక్కన సోమనాథ్ గుడి శిఖరం కనపడేసరికి ఫోను మోగడం మొదలవుతుంది. ఆగిపోయిన మెసేజిలన్నీ ఒక్కసారిగా దిగుతాయి. ఇప్పుడు నీ భార్యకి ఏమని చెబుతావు? అంతా బాగుందంటే నమ్ముతుంది. కానీ లెక్కలో డబ్బు తగ్గినప్పుడు ఎలాగూ తెలుస్తుంది. చెప్పు. మొత్తం చెప్పు, గీత దాకా. అవతల చాలాసేపు మాట ఉండదు.

"వల పోతే పోనాది," అంటుంది చివరికి. "నువ్వు రా. మీరందరూ రండి."

రేవు నిండా బోట్లు చేరుతున్నాయి. కొన్నింటిని అప్పుడే ఒడ్డుకి లాగి అడుగు గీకుతున్నారు. సేటు గుమస్తా పుస్తకం తెరుస్తాడు. వల ఖరీదు రాస్తాడు. తండేలు గంటసేపు వాదిస్తాడు. కొంత తగ్గుతుంది, మిగతాది మీ మీద పడుతుంది. చేతికొచ్చిన డబ్బు లెక్కపెట్టుకో. పైకప్పు ఈ ఏడు లేదు. బట్టలు, పుస్తకాలు అవుతాయి. సన్నవైనా పట్టీలు అవుతాయి. సంత మూసేలోపు వెళ్లి కొను.

రాత్రంతా అహ్మదాబాద్ దాకా ఒక రైలు. మర్నాడు సాయంత్రం పూరీ వెళ్లే రైలు. ప్లాట్‌ఫారం మీద ఎటు చూసినా మనవాళ్లే, గోనెసంచులు, బకెట్లు, ఎండుచేపల మూటలు. టికెట్టు ఉన్నవాడూ లేనివాడూ ఒకే బెర్తు మీద సర్దుకుంటారు. 2020లో లాక్‌డౌన్ పడ్డప్పుడు రైళ్లే లేక వీళ్లు వెరావల్‌లో బోట్ల మీదే రోజులు లెక్కపెట్టుకున్నారు, చివరికి బస్సుల్లో ఊరు చేరారు. అందుకే ఇంత ఉక్కలోనూ ఎవరూ గొణగడం లేదు. రైలు కదులుతోంది, అది చాలు.

సూరత్ దాటేసరికి నిద్ర ముంచుకొస్తుంది. నాగ్‌పూర్‌లో నీళ్ల కోసం దిగితే వేడి చెప్పుల్లోంచి కాలికి తగులుతుంది. రాయ్‌పూర్ తర్వాత పొద్దు వాలుతుంది, అడవి మొదలవుతుంది. రెండో రాత్రి రాయగడ దగ్గర కొండలు. బండి వంపులు తిరుగుతుంటే ఒక్కొక్కరే లేచి కూచుంటారు. పార్వతీపురం. దీపం కింద బోర్డు మీద తెలుగక్షరాలు. కుర్రాడు వాటిని పైకి చదువుతాడు. ఎవరూ అడగకుండానే చదువుతాడు.

తండేలు నీ ఎదురుగా కూచున్నాడు. జూలైలో ఆయన మళ్లీ మీ ఇంటికి వస్తాడు, అడ్వాన్సు డబ్బుతో. నువ్వు తీసుకుంటావని ఆయనకి తెలుసు, నీకూ తెలుసు. మీ ఒడ్డున రేవు వచ్చేదాకా ఇంకో దారి కనపడడం లేదు. కానీ తీసుకునే ముందు అడగాల్సింది ఒకటుంది. డబ్బు చేతిలో పడ్డాక అడగలేవు. ఇప్పుడే అడుగు.

"మావా, ఈసారి సేటుతో ముందే మాటాడు. పానం కోసం వల కోత్తే ఆ లెక్క మన మీద పడకూడదు. ఆ రాత్రి కత్తి చేతిలో పెట్టుకుని మనం లెక్క సూసుకున్నాం. ఇంకోసారి అలాగ సూసుకుంతే ఇంటికి రాం."

ఆయన వింటున్నాడు. ఆపకు. ఏడుగురికీ లైఫ్ జాకెట్లు. పనిచేసే వైర్‌లెస్. ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లని ఇప్పుడు బోట్లకి బిగిస్తున్నారు. గీత దగ్గరపడితే అది ముందే హెచ్చరిస్తుంది, ఫోను పలకని చోటి నుంచి కూడా ఆపద కబురు పంపుతుంది. అది ఉన్న బోటే ఎక్కుదాం. ఇంకొక్క వల అని ఎవరన్నా, ఆ గీత పక్కన వద్దని చెప్పేవాడు జట్టులో ఒకడుండాలి. ఆ మాట ఈసారి నువ్వే అంటావు.

"జట్టంతా ఒక్క మాట మీదుంతే నాను అడుగుతాను," అంటాడు తండేలు.

కుర్రాడు తలూపుతాడు. పై బెర్తు మీంచి మీ బోటు వంటవాడు ఊఁ అంటాడు. ఇంకొకరు. ఇంకొకరు.

విజయనగరం దాటింది. తలుపు దగ్గరికి జరుగు. గాలిలో మామిడి వాసన, వాన ఎక్కడో పడ్డ మట్టి వాసన. పట్టీల పొట్లం జేబులో ఉందో లేదో చూసుకో. చక్రాల చప్పుడు మారుతోంది, బండి వేగం తగ్గుతోంది. శ్రీకాకుళం రోడ్. ఇక్కడ ఎంతోసేపు ఆగదు. మూట కుర్రాడి భుజానికెత్తు, నీ సంచి నువ్వు పట్టుకో.

దిగు.